మోగని ఇటుక

నేను ఒక ఇటుకను. ఎర్రగా ఉండను, బట్టీ మొహం చూడలేదు. నన్ను కాల్చడానికి ఒక్క చెట్టూ పడలేదు, పొగ లేవలేదు. సుంకులమ్మ ఇంటి పునాది తవ్వినప్పుడు వచ్చిన మట్టినే జల్లించి, ఇసుక, కాస్త సిమెంటు కలిపి ఇనుప అచ్చులో పోశారు. సుంకులమ్మ, ఇంజనీరు వకుళ కలిసి ఆ మట్టిని అదిమే పొడవాటి ఇనుప పిడిని పట్టుకుని వేలాడినంత పని చేస్తే నేను బయటికి వచ్చాను. ఆ రోజు మేము రెండు వందల మందిమి. నీడలో వరుసగా పేర్చి తడి గోనెపట్టాలు కప్పారు. పక్కవాళ్ల తడి నాకు తగులుతుండేది. అంత దగ్గరితనం మళ్లీ దొరకలేదు.

సుంకులమ్మ కాపురం రేకుల షెడ్డులో. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆమె చంటిపిల్ల ఒళ్లంతా చెమటకాయలతో గుక్కపట్టి ఏడ్చేది. అందుకే వకుళ మందపాటి గోడలు, ముందుకు చాచిన చూరు, గాలివాటుకు కిటికీలు ఉన్న ఇల్లు గీసిచ్చింది. కట్టాల్సింది మాత్రం సుంకులమ్మ అన్న, ఓబుళేసు మేస్త్రీ.

ఆయన మూడో రోజు పొద్దున్నే వచ్చాడు. మేస్త్రీలకు ఒక అలవాటుంది. రెండు ఇటుకలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి చెవి పెడతారు. కాలిన ఇటుక ఖంగుమంటుంది. నన్నూ నా పక్కదాన్నీ కొట్టాడు. ధబ్‌మంది. నా మూల విరిగి ఆయన కాలి మీద పడింది.

"ఇదేం ఇటుకమ్మే! సంగటిముద్ద గూడా దీనికన్నా గట్టిగుంటాది," అన్నాడు. "నేను కట్టను. రేపు కూలిందంటే నా పేరు గూడా దాంతోనే కూలుతాది."

"ఇరవై ఎనిమిది దినాలు తడిపితేనే గట్టిపడతాదంటన్నా. నువ్వు పుట్టిన మూడో దినమే తాపీ పట్టినావా?"

"నాకే చెప్తావా! సరే, ఆ దినమే వస్తా. పగిలిందంటే బట్టీ ఇటుకలే. మళ్లీ మాట్లాడగూడదు."

నన్ను కంచె పక్కకు విసిరేశాడు. మనుషులు తమకు తెలిసిన చప్పుడు వినబడకపోతే ఎదుటివాళ్లలో బలమే లేదనుకుంటారు.

ఇరవై ఐదు రోజులు సుంకులమ్మ పిల్లను చంకనేసుకుని పూటపూటా గోనెలు తడిపింది. ఆ నీళ్ల చప్పుడు నాకు వినబడేది. ఒక్క చుక్కా ఇటు రాలేదు. ఎండలో లోలోపల పొడిబారిపోయాను. ఎవరినైనా పిలుద్దామంటే మాకెవరికీ పేర్లు లేవు.

ఓబుళేసు అన్న మాట ప్రకారం వచ్చాడు. ఒక ఇటుకను గుండె ఎత్తుకు లేపి బండ మీద వదిలాడు. సుంకులమ్మ కళ్లు మూసుకుంది. ఇటుక పెచ్చు కూడా రాలకుండా పక్కకు దొర్లింది. మరొకటి వదిలాడు. ఇంకొకటి. చివరికి దాని మీదికెక్కి నిలబడ్డాడు.

"దిగుతావాన్నా, లేకుంటే నిన్ను గూడా గోడలో పెట్టేదా?"

"తాపీ తీసుకురామ్మే," అన్నాడు మొహం తిప్పుకుని.

గోడలు లేచాయి. నావాళ్లంతా ఒకరి మీద ఒకరు చేరి ఇల్లయ్యారు. ఇప్పుడు వాళ్లలో ఎవరు ఎవరో నేను పోల్చుకోలేను. మధ్యాహ్నాలు చంటిపిల్ల ఏడుపు వినబడటం లేదు. నిద్రపోతోందేమో.

నిన్న తొలివాన పడింది. ఓబుళేసు తడుస్తూ పరుగెత్తుకొచ్చి, ఇంటి చుట్టూ తిరిగి, అడుగడుగునా గోడను అరచేత్తో తడిమి చూసుకున్నాడు. ఎక్కడా కరగలేదు. వెళ్తూ నన్ను దాటాడు. కిందికి చూడలేదు. అప్పటికే నా అంచులు పోయాయి. నేను ఎక్కడ అయిపోయి నేల ఎక్కడ మొదలవుతుందో నాకే తెలియడం లేదు.

జల్లు లోపలికి కొట్టకుండా సుంకులమ్మ తలుపు వేసుకుంది.