గండి కొట్టిన గడ్డపార

నేను ఒక గడ్డపారను. పొడవు ఐదడుగులు, ఒంటిచేత్తో లేపగలిగేవాళ్లు తక్కువ. ఖాళీగా ఉండటం మాత్రం నా వల్ల కాదు. గోడకు ఆనించి పెడితే ఒళ్లంతా జిల పుడుతుంది. లారీ ఇరుసుగా ఊళ్లు తిరిగిన ఇనుమును కదా, ఆ తిరుగుడు బుద్ధి ఎక్కడికి పోతుంది?

విశాఖలో సన్యాసి అనే కమ్మరి నన్ను కొలిమిలో కాల్చి, ఒక కొస మొన తేల్చి, ఎర్రన్న చేతికిచ్చాడు. ఎర్రన్న బావులు తవ్వేవాడు. ఇరవై ఏళ్లు ఇద్దరం కలిసి భూమిలోకి దిగాం. ఊట కనబడేదాకా మా చుట్టూ తిరిగే ఆసాములు, కనబడ్డాక ఎర్రన్నకు మంచినీళ్లివ్వడం కూడా మరిచిపోయేవారు. తర్వాత బోర్లొచ్చాయి. ఆపైన ఎర్రన్న పోయాడు. అతని భార్య పైడమ్మ నన్ను పాతసామాన్లవాడికి వెయ్యలేదు. కొండ పార్కులో తోటపనికి కుదిరి, నన్ను రోజూ భుజాన వేసుకెళ్లి తెచ్చుకునేది.

ఆమె ఇల్లు కొండకు అవతల. కాలిబాటన వస్తే అరగంట. రోడ్డు చుట్టి రావాలంటే రెండు బస్సులు మారాలి, అవీ వేళకు రావు. కిందటేడు వానలకు ఆ బాట కోసుకుపోయింది, ఎవరో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఈ వానలకూ బాట నిలవకపోతే మూసేస్తానని పార్కు అధికారి ముళ్లకంచె చుట్టలు తెప్పించి గేటు దగ్గర పడేశాడు. వాటిని చూసినప్పుడల్లా పైడమ్మ నడక వేగం పెరిగేది.

పొద్దున్నే నడవడానికొచ్చే పెద్దలు కొందరు, ప్రతి ఆదివారం తామే బాట బాగుచేస్తామని ముందుకొచ్చారు. లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఒక పళ్ల డాక్టరు. ముందు నన్ను పట్టుకుని ఫొటోలు దిగారు, గంట తిరక్కుండా చేతుల బొబ్బలు ఊదుకున్నారు. అయినా మళ్లీ ఆదివారం వచ్చారు, అది నాకు నచ్చింది.

వాళ్లకు పెద్ద భుజంగరావు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు. బాట చదును చేయించి, లోయవైపు అంచున తాడు పట్టి మరీ మోకాలెత్తు గట్టు వేయించాడు. ముచ్చటగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. పైడమ్మ ఒక్కతే నసిగింది.

“గట్టెందుకు బాబూ? నీరు బయటికెలా పోద్ది?”

“గట్టు లేకపోతే మట్టి నిలుస్తుందా పైడమ్మా? జీవితమంతా నేను చేసిన పని ఇదే.”

పైడమ్మ మళ్లీ పనిలోకి వంగింది. నన్నెంత గట్టిగా బిగించి పట్టుకుందో నాకే తెలుసు. ఆ గట్టును అప్పుడే పొడవాలని నాకు ఒకటే తహతహ.

ఆషాఢంలో ఒక బుధవారం పొద్దున్నే కుండపోత. నన్ను భుజాన వేసుకుని కొండెక్కిన పైడమ్మ బాట చూసి ఆగిపోయింది. కొండకూ గట్టుకూ నడుమ ఎర్రనీరు పరుగులు పెడుతోంది, బాటను అడుగునుంచి కోసుకుపోతోంది. భుజంగరావు వేసింది బాట కాదు, కాలువ.

పైడమ్మ కొంగు బిగించి నన్నెత్తింది. మొదటి గండి పడింది. ఇరవై అడుగుల కింద రెండోది. మూడో దానికి ఎత్తేసరికి, బాట ఏమైందోనన్న బెంగతో గొడుగేసుకుని వస్తున్న భుజంగరావు ఎదురయ్యాడు.

“ఏం చేస్తున్నావమ్మా నువ్వు?”

“నీరుకి దారిస్తన్నాను బాబూ. ఈ బాట పోతే నాకు పని పోద్ది. తిట్టాలంటే తరవాత తిట్టండి.”

అతను తిట్టలేదు. గండి పడిన చోట నీరు లోయలోకి దూకుతోంది, దాని కిందనున్న బాట అప్పుడే తేటపడుతోంది. అతను అది చూశాడు. గొడుగు ముడిచి పక్కన పెట్టి, చెయ్యి చాచాడు. పైడమ్మ కాస్త సందేహించి నన్నిచ్చింది.

“గండి కొట్టినవాళ్ల మీద ఎన్ని కేసులు పెట్టించానో” అన్నాడు నెమ్మదిగా. “చెప్పమ్మా, తర్వాతది ఎక్కడ?”

“ఆ మలుపు కాడ బాబూ. కింద రాళ్లున్నాయి, కోత పడదు.”

అతనికి నన్నెత్తడం అలవాటు లేదు. అయినా దెబ్బ సూటిగానే పడింది.

ఆ వానాకాలం దాటిపోయింది. పైడమ్మ భుజాన నేనింకా రోజూ కొండెక్కి దిగుతున్నాను. ముళ్లకంచె చుట్టలు విప్పనైనా విప్పకుండా గేటు దగ్గరే తుప్పు పడుతున్నాయి. వాటిని చూస్తే నాకు జాలేస్తుంది. ఇనుముకు ఖాళీగా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు.