మరక లేని కోటు

తెల్లకోట్లు ఉతకడం నా పని. ఊరి తాగునీళ్ళు పరీక్షించే ల్యాబు వెనక గదిలో పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. ఏ కోటు ఎవరిదో నాకు పేరు చూడక్కర్లేదు. పొట్ట దగ్గర సన్నటి చిల్లులుంటే, ఆసిడ్ బల్లకు ఆనుకుని నిలబడే పెద్దావిడది. జేబు నిండా సిరా అయితే, పెన్నుకు మూత పెట్టడం రాని ఇంజనీరుది. చేతుల అంచున గోధుమరంగు చుక్కలు మాత్రం అందరికీ ఉంటాయి. నీళ్ళ పరీక్షలో వాడే ఊదారంగు మందు చిందితే అంతే. నా కళ్ళు కప్పడం ఎవరి తరమూ కాదు.

మా మరిది కోటు మాత్రం ఆరు వారాలుగా ఒక్క మచ్చ లేకుండా వస్తోంది.

మా ఇంట్లోనే ఉంటాడు. చదువైపోయి ఖాళీగా తిరుగుతుంటే, ల్యాబు నడిపే పెద్దాయనను బతిమాలి ఇక్కడ ఉద్యోగం నేనే ఇప్పించాను. రోజుకు ముప్పై సీసాల నీళ్ళు ఆసిడ్ గదిలో ఒక్కడే పరీక్షించి, అంకెలు రిజిస్టర్లో రాస్తాడు. కోటు మెడ నలుగుతోంది గానీ మోచేతులు నలగడం లేదు. వేసుకుని వెళ్తున్నాడు, వేసుకుని వస్తున్నాడు. మధ్యలో ఏం వెలగబెడుతున్నట్టు?

"ఏమయ్యా, నీ కోటు పెళ్ళికొడుకు చొక్కాలా ఉందే!" అన్నాను భోజనాల దగ్గర.

"నా పనితనం అలాంటిది వదినా," అని నవ్వాడు. కంచంలోంచి తల మాత్రం ఎత్తలేదు. అదే నాకు నచ్చలేదు.

మా ఆయనతో అంటే, "నీ కంటికి అందరూ దొంగలే," అని విసుక్కున్నాడు. నాకు మాత్రం లోపల పురుగు తొలిచినట్టే ఉంది. పరీక్ష చెయ్యకుండానే అంకెలు వేసేస్తున్నాడా? ఊరంతా తాగే నీళ్ళవి. మా పిల్ల తాగే నీళ్ళు.

ఏడో వారం కూడా కోటు తెల్లగానే వచ్చింది. దాన్ని చంకలో పెట్టుకుని పెద్దాయన గదికి వెళ్ళి, నా అనుమానమంతా కక్కేశాను. ఆయన కోటు తిప్పి చూసి మరిదిని పిలిపించాడు.

"ఈ అంకెలు పరీక్ష చేసి రాసినవేనా?"

"చేసినవేనండీ."

"మరి కోటు మీద చుక్క లేదేం? నిజం చెప్పు. దొంగ అంకెలు రాసినవాణ్ణి ఏ ల్యాబూ గుమ్మం ఎక్కనివ్వదు."

మరిది నావైపోసారి చూసి తల దించుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"నోట్లో నాలుక లేదా? చెప్పవేం!" అని చెయ్యి పట్టి గుంజాను.

అతను కెవ్వుమన్నాడు. చొక్కా చెయ్యి పైకి లాగి చూద్దును కదా, మణికట్టు నుంచి మోచేతి దాకా గోధుమరంగు మచ్చలు, ఎండిన బొబ్బలు. ఒకటి నిన్నటిది, ఇంకా పచ్చిగానే ఉంది. ఇంత ఉక్కపోతలో ఇంట్లో కూడా పొడుగు చేతుల చొక్కా ఎందుకని నేనొక్కనాడూ అడగలేదు. తగలబెట్టనా నా తెలివి!

"కోటు తీసేసి పని చేస్తున్నావా?" పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"కొక్కేనికి తగిలించి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటానండీ. ఆ మరకలు పోవాలంటే వదిన మంట పుట్టే మందులో చేతులు పెట్టి గంటలు గంటలు రుద్దాలి. వేళ్ళు పగిలిపోయాయి. పిల్లకి జడ వేస్తుంటే నెత్తురొస్తోందండీ. నా ఒక్క కోటైనా తగ్గుతుందని..."

పెద్దాయన కోటు మడిచి బల్ల మీద పెట్టాడు. తర్వాత, "అంకెలు మళ్ళీ సరిచూస్తాను. కోటు లేకుండా ఆసిడ్ ముట్టుకున్నందుకు మాత్రం నెల రోజులు లోపలికి రావద్దు," అన్నాడు. కాగితం రాసి, ఫిర్యాదు చేసినవారి సంతకమంటూ నా ముందుకు జరిపాడు. పెట్టాను.

బయటికి వచ్చాక మరిది, "నెల రోజులు ఖాళీయేగా వదినా, కోట్లు నేను ఉతుకుతాలే," అన్నాడు.

ఎందుకిలా చేశావని ఒక్క తిట్టు తిట్టి ఉంటే హాయిగా ఉండేది. తిట్టలేదు. మందుల దుకాణం దాకా అతని వెనకే ఏడుస్తూ నడిచాను.