ఆడవాళ్ల పేర్లు వెతికే పద్ధతి

"బండి ఆర్సీ యాడ పెట్టినావు?" అని మా ఆయన మునిచంద్ర బీరువా ముందు నిలబడి అడిగాడు. బీరువా తలుపు మాత్రం తెరవలేదు. ఈ ఇంట్లో వెతకడమంటే నన్ను పిలవడమే. ఊరుబిండి పచ్చడి నూరుతున్న చెయ్యి కడుక్కుని వెళ్లి, రెండో అరలో ఆయన ముక్కు కిందే ఉన్న కవరు తీసి ఇచ్చాను. "ఇంత లోపల పెడితే ఎట్ల కనిపిస్తాది?" అన్నాడు. ఈయనకు ఆర్సీ, మామ దామోదరానికి కళ్లద్దాలు, కాలేజీలో మా పైఅధికారి ఏకాంబరం సారుకు నిన్న ఆయనే పంపిన మెయిలు, అన్నీ నేనే వెతకాలి. పదకొండేళ్లుగా ఇదే వరస. విసుగు కూడా పాతబడిపోయింది.

చిత్తూరులో ఒక కాలేజీ లైబ్రరీలో నాది కాంట్రాక్టు ఉద్యోగం. యాభై ఏళ్ల కాలేజీ వార్షిక పత్రికలు, రిజిస్టర్లు, గ్రూపు ఫోటోలు మూడేళ్లు కూర్చుని స్కాన్ చేశాను. ఒక్కో పేరూ, ఒక్కో సంవత్సరమూ టైపు చేసి కాలేజీ వెబ్‌సైటులోకి ఎక్కించాను. ఆ వెబ్‌సైటు మొదటి పేజీలో 'రూపకల్పన' అని ఏకాంబరం సారు ఫోటో ఉంటుంది. వచ్చే నెల పాత విద్యార్థుల సమ్మేళనం. "ఎట్ల వెతకాలో ఒక పేజీ రాసియ్యమ్మా. సులువుగా ఉండాల" అన్నాడాయన.

రాశాను. 'మా నాయన ఎన్‌సీసీలో ఉన్న ఫోటో' అని వాక్యమంతా కొట్టొద్దు, ఒక్క మాట కొట్టండి. పేరు పూర్తిగా కొడితే రాకపోతే సగం కొట్టి చూడండి, పాత అచ్చు మసకబారి కంప్యూటరు అక్షరాలు తప్పు చదువుతుంది. కాలేజీ ఏడాది జూన్‌లో మొదలవుతుంది కాబట్టి ముందు సంవత్సరమూ వెనక సంవత్సరమూ రెండూ చూడండి. ఏమీ రాకపోతే ఆ ఏడాది పత్రిక తెరిచి పేజీలు తిప్పండి. ఇంత బాగా రాశానే అని నాకే ముచ్చటేసింది.

ఆదివారం మామ తన ఫోటోలు చూపించమన్నాడు. ఆయనా ఆ కాలేజీలోనే చదివాడు. పేరు కొట్టగానే పంతొమ్మిది వచ్చాయి. కబడ్డీ జట్టు, ఎన్‌సీసీ, హాస్టలు మెస్సు కమిటీ. మామ ముఖం వెలిగిపోయింది. అత్త జ్ఞానాంబ వంటింటి గడపలో కొంగుకు చేతులు తుడుచుకుంటూ, "నేనూ ఒక సంవత్సరం సదివినాను గదా. యాడన్నా ఉండానేమో సూడమ్మా" అంది. మామ నవ్వాడు. "ఉంటే గదా. లెక్కలు రాక ఏడ్సి మానేసింది." ఈ మాట ఇంటికి ఎవరొచ్చినా చెబుతాడు. అత్త ప్రతిసారీ కాఫీ గ్లాసులు ఎత్తుకుని లోపలికి పోతుంది.

జ్ఞానాంబ అని కొట్టాను. ఏమీ రాలేదు. సగం పేరు, ముందు ఏడాది, వెనక ఏడాది, మా ఇంటిపేరు చేర్చి, ఆమె పుట్టింటి ఇంటిపేరు చేర్చి కూడా కొట్టాను. మూడేళ్లు నేను కట్టిన చోట మా అత్త లేదు. "నేను సెప్పలా" అన్నాడు మామ. అత్త లోపలికి పోయింది. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

వంటింట్లో తోటకూర తుంచుతూ ఆమే మెల్లగా చెప్పింది. "ఆ పేరుతో దొరకదులేమ్మా. అప్పుడు నా పేరు నాగవేణి. మీ మామ వాళ్లమ్మ పేరూ అదే. అత్త పేరు ఉండే కోడల్ని ఎట్ల పిలిచేది, ఎట్ల తిట్టేది అని పెండ్లినాడే మార్చేసినారు."

"ఇన్నేళ్లుగా ఎప్పుడూ చెప్పలేదే అత్తా?"

"ఎవురడిగినారు?"

నిజమే, నేనూ అడగలేదు. ఆమె చేతివంట తిన్నాను, ఆమెతో దెబ్బలాడాను, ఆమెకు మందులిచ్చాను. ఆమె పేరు మాత్రం నాకు తెలియదు.

సోమవారం కాలేజీలో నాగవేణి అని కొట్టాను. మూడు వచ్చాయి. మొదటి సంవత్సరం మార్కుల రిజిస్టరులో లెక్కలు తొంభై ఒకటి, తరగతిలో మొదటి స్థానం. పత్రికలో వక్తృత్వ పోటీ మొదటి బహుమతి, పేరుంది గానీ ఫోటో లేదు. మూడోది టీసీ రిజిస్టరు. మానేసిన కారణం అన్న గడిలో 'మామగారి అర్జీ మీద, ఇంటి పనుల నిమిత్తం' అని గుమస్తా గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఆ మామగారు మా మామ వాళ్ల నాయన. రెండేళ్ల కిందట ఆ వరుసను టైపు చేసింది నేనే. ఒక్క క్షణం ఆగకుండా కింది వరుసకు పోయి ఉంటాను. అది తలచుకుంటే నా మీద నాకే సిగ్గేసింది.

నా పేజీ చివర ఒక వాక్యం చేర్చాను. వెతికేది ఆడమనిషినైతే, పెళ్లికి ముందు పేరేమిటో ముందుగా ఆమెనే అడగండి. ఏకాంబరం సారు చదివి, "ఇదెందుకమ్మా? ఆడోళ్లు ఎంతమంది వస్తారు గనక. పేజీ పొడుగైపోయింది, తీసేయ్" అన్నాడు. పొడుగైందన్నందుకు ఆ పేజీ పైనా ఆయన పెట్టించుకున్న ఫోటోను సగానికి తగ్గించి, వాక్యాన్ని ఉన్నచోటే ఉంచాను. ఉద్యోగానికి ముప్పని తెలుసు. తెలిసే ఉంచాను.

సాయంత్రం మామ సమ్మేళనం ఫారం ఫోన్లో తెరిచి నా చేతికిచ్చాడు. "దామోదరం దంపతులు అని కొట్టు." నేను కాలేజీలో ప్రింటు తీసి తెచ్చిన మూడు కాగితాలు బల్ల మీద పరిచాను. మునిచంద్ర వంగి చదివాడు. "లెక్కల్లో తొంభై ఒకటా? అమ్మకా?" అన్నాడు. మూడో కాగితం చదివి, దాన్ని మామ ముందుకు జరిపాడు. మామ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అప్పటి సంగతులు ఇప్పుడెందుకు?" అన్నాడు.

"అత్తా, మీకు వేరే ఫారం తెరిచినాను. పేరేమని రాయను?"

అత్త మూడో కాగితం చేతిలోకి తీసుకుంది. కారణం గడి మీద వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది. అక్కడ ఏం రాశారో ఆమె చూడటం ఇదే మొదటిసారి. చదివి, మామ వైపు తిరిగి, చెప్పింది మాత్రం నాకు.

"నాగవేణి అని రాయి. ఎందుకు మానేసినావని ఆడ ఎవురన్నా అడిగితే, ఈసారి నేనే సెప్తా."