రెండోసారి అడగని చోటు

హోటల్ నేలమాళిగలో దుప్పట్లు ఇస్త్రీ చేసే గదికి కిటికీ లేదు. సూపర్‌వైజరమ్మ మెడలోని కార్డు చూపిస్తే తప్ప తలుపు తెరుచుకోదు. పాస్‌పోర్టులు యజమాని బీరువాలో ఉన్నాయి. పరాయి దేశం వచ్చిన కొత్తలో వీటికే బిత్తరపోయింది మొహమాటాలమ్మ. ఆ పేరు పెట్టింది వదిన. వరసకు వదినేం కాదు. ఇద్దరిదీ ఒకే భాష, ఒకే గది, పక్కపక్క మంచాలు. పరాయి చోట అంతకంటే చుట్టరికం ఏం కావాలి?

పేరు ఊరికే రాలేదు. పనిలో చేరిన రోజే సూపర్‌వైజరమ్మ టీ కప్పు చూపించి తాగుతావా అని అడిగింది. ప్రాణం లాగేస్తున్నా మన మనిషి "వద్దండీ, ఇప్పుడెందుకు" అన్నట్టు మర్యాదగా చెయ్యి ఊపింది. ఎలాగూ మళ్ళీ బతిమాలుతుంది కదా, అప్పుడు పుచ్చుకుందామనుకుంది. ఆ మహాతల్లి సరేనని తలూపి, ఆ కప్పు కూడా తనే తాగేసింది.

వదిన పడీ పడీ నవ్వింది. "ఇక్కడ బతిమాలి పెట్టేవాళ్ళు లేరమ్మా మొహమాటాలమ్మా! ఒక్కసారే అడుగుతారు. కావాలంటే కావాలను, లేకపోతే కడుపు మాడ్చుకో."

అర్థమైంది. కానీ చిన్నప్పటి నుంచి వంటబట్టిన బుద్ధి చెప్పగానే పోతుందా?

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఊళ్ళో మొహమాటాలమ్మ చెల్లెలికి నెలలు నిండుతున్నాయి. తల్లి లేని పిల్ల, ఈమే ఎత్తుకుని పెంచింది. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "ఈసారి నువ్వు పక్కన లేకపోతే నేను బతకనే అక్కా" అని ఏడుస్తుంది. వస్తానని ఈమె మాటిచ్చింది.

ఒకరోజు సూపర్‌వైజరమ్మ ఇస్త్రీ బల్లల దగ్గరికొచ్చి ఏదో చెప్పింది. వదిన తెలుగులో చెప్పింది: "మనిద్దర్లో ఒక్కరికే సెలవిస్తుందట. రెండోవాళ్ళు మళ్ళీ ఏడాది దాకా ఆగాలి. వెళ్తావా అని ముందు నిన్నే అడుగుతోంది."

ఆమె గుండె గంతేసింది. నోరు మాత్రం పాతదారే పట్టింది.

"నాదేముందిలే, మొన్నొచ్చినదాన్ని. ముందు నీకిమ్మను వదినా."

వదిన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. తర్వాత ఆ మాటను ఉన్నదున్నట్టు సూపర్‌వైజరమ్మకు ఆవిడ భాషలో చెప్పేసింది. సెలవు వదినకు ఖాయమైపోయింది.

ఆ పూటంతా ఆవిరిలో నిలబడి దుప్పట్లతో పాటు తనూ ఉడికిపోయింది మొహమాటాలమ్మ. పరాయి ఆడదానికి తెలియదు, సరే. వదినకు తెలియదా? చెల్లెలి ఏడుపు పక్క మంచం మీంచి రోజూ వింటూనే ఉందిగా! పని అయ్యాక, ఆ సెలవు తనకిమ్మని వచ్చీరాని మాటల్లో సూపర్‌వైజరమ్మను అడిగింది. అడిగితే వద్దన్నావుగా అని ఆవిడ ఆశ్చర్యపోయింది. ఎవరు వెళ్ళినా తనకొకటేనని, ఇద్దరూ మాట్లాడుకుని రేపు చెప్పమంది.

గదికి వచ్చేసరికి వదిన పెట్టె సర్దుకుంటోంది. కొడుకు కోసం కొన్న చొక్కాలు మంచం నిండా ఉన్నాయి. నాలుగేళ్ళ వాణ్ణి వాళ్ళ నాయనమ్మకు అప్పగించి వచ్చింది. ఇప్పుడు వాడు కన్నతల్లిని ఫోన్లో "మీరు బాగున్నారా?" అని అడుగుతున్నాడు.

"చెల్లెలి సంగతి నీకు తెలుసుగా వదినా! తెలిసీ ఎలా చెప్పావు?"

వదిన తలెత్తలేదు. "నువ్వన్నదే చెప్పాను. నాకు మాత్రం వెళ్ళాలని ఉండదా?" కాసేపు చొక్కాలు మడతపెట్టింది. తర్వాత మెల్లగా అంది. "పోనీలే, నువ్వే వెళ్ళు. నాదేముంది, వచ్చే ఏడు చూసుకుంటా."

ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. "అయ్యో, అదేం మాట వదినా, నువ్వే వెళ్ళు" అనాలిప్పుడు. ఆ మాట కోసమే వదిన చేతిలో చొక్కా పట్టుకుని ఎదురుచూస్తోంది. వదినంటే ప్రాణమే. కానీ అక్కడ చెల్లెలు ఉంది.

"వెళ్తాను వదినా" అంది.

వదిన మొహం పాలిపోయింది. ఊఁ అని, సర్దిన బట్టలు పెట్టెలోంచి ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. నిజంగానే వెళ్ళమంటావా అని మళ్ళీ అడిగితే వదిన ఏమంటుందో ఆమెకు తెలుసు. అందుకే అడగలేదు.