మణెమ్మ చెప్పిన బొమ్మ

ఆదివారమైతే చాలు, వరినాట్ల పని ఉన్నా సరే మణెమ్మ చిలుకూరులో కోదాడ బస్సెక్కుతుంది. చూపులేని ఆడబిడ్డ అరుంధతి ఆమె కొంగు పట్టుకొని వెనకే ఎక్కుతుంది. దేశమంతటా సినిమాను జనం దగ్గరికి చేర్చే ధర్మసంస్థ ఒకటి కోదాడలో ఫంక్షన్ హాలు కిరాయికి తీసుకొని వారం వారం ఉచితంగా ఆట వేస్తుంది. తెర మీద జరిగేది మణెమ్మ ఆడబిడ్డ చెవిలో చెబుతుంది. ఒక్కోసారి ఆమె చెప్పిందే తెర మీద జరుగుతుంది.

మొన్నోసారి తెర మీద బావిలో దూకబోయే కోడల్ని చూసి, "నీళ్లు చేదుకొని ఇంటికి పోతున్నది" అంది. కోడలు నీళ్లు చేదుకొని ఇంటికి పోయింది. జనం కూడా కుర్చీలు సర్ది ఇళ్లకు పోయారు.

హాలు చూసుకునే సంస్థ ఉద్యోగి వందనకే గుబులు. "అక్కా, ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. మన రూలు అది."

"సెప్పిన గద! కావాల్నంటే నీ బొమ్మనే అడుగు."

ఆ ఆదివారం స్వప్న తీసిన నాలుగు నిమిషాల సినిమా వేశారు. గొర్రెలు మేపే లింగస్వామి బిడ్డ. కెమెరా పట్టడం సంస్థవాళ్లే నేర్పారు, పుణెలో ఏడాది చదివిస్తామన్నారు. పదిహేడేళ్లది కనుక తండ్రి వేలిముద్ర కావాలి, అదీ ఆ సాయంత్రంలోగా. మంద వెంట ఒంటరిగా సాగర్ దాకా నడిచినప్పుడు అడ్డురాని ఆడపుట్టుక, పుణె అనేసరికి అడ్డమొచ్చింది. "నా బిడ్డ యాడికీ పోదు" అని లింగస్వామి పెద్దమనుషుల ముందు ఖరాఖండిగా చెప్పేశాడు. స్వప్న అదీ తీసింది.

ముందు వరుసలో ఆ పెద్దమనుషులే, మధ్యన లింగస్వామి. తెర మీదా ఆయనే. ఎదురుగా కాగితం, సిరా డబ్బీ, కదలని చెయ్యి.

"ఏలిముద్ర ఏస్తున్నడా వదినె?" వాళ్ల వెనక వరుసలోంచే అరుంధతి అడిగింది.

మణెమ్మ ముందున్న లింగస్వామి వైపు చూసింది. ఉన్నది చెబితే పిల్ల ఆగిపోతుంది, లేనిది చెబితే ముద్ర పడుతుంది. కానీ ఆ వేలు తనది కాదు.

"ఏమాయె, సెప్పవేంది?"

లింగస్వామి తల తిప్పకుండానే గొణిగాడు. "ఏసిండని సెప్పక్కా."

"నువ్వే ఏయరాదురా?"

"గింతమందిల ఒద్దన్నోన్ని. నా మాటే నా కాళ్లకు సుట్టుకున్నది. సెప్పు జర."

"ఏసిండు" అంది మణెమ్మ. "గట్టిగ ఒత్తిండు."

తెర మీద చెయ్యి కదిలింది. ముందు వరుస చివర కూర్చున్న స్వప్న ఒళ్లో ఉన్న కాగితం మీద నీలి ముద్ర తడిగా మెరిసింది. పెద్దమనుషులు అటు చూసి, "ఏసినంక ఇగ మాటేముంది" అనుకున్నారు.

లింగస్వామి బొటనవేలు తువ్వాలకు తుడుచుకున్నాడు. బిడ్డ వైపు చూడకుండానే అడిగాడు:

"ఆడ అన్నం మంచిగ పెడ్తరానే?"