అత్త కూచున్న చెక్క

అక్షరాలు నాకు అరవై దాటినాక వచ్చినాయి. తప్పులుంటే దిద్దుకోండి. మెల్లగా రాసినాను, మెల్లగానే చదవండి.

ఎమ్మిగనూరులో రామేశ్వరమ్మకు ఎడమ పిర్ర నుంచి మడమ దాకా ఒకటే గుంజుడు. మగ్గం మీద చీర సగంలో ఉంది. చెయ్యి మారితే నేత మారుతుంది, మారిన చోట గీత పడుతుంది. ఆ చీరను షావుకారు ముట్టడు. అందుకని ఇంకొకరిని కూచోబెట్టలేదు. తాను కూచుంటే పావుగంట ఓర్వలేదు.

పక్కింటి మదార్ బీ ఆమెను ఫిజియోథెరపీ చేసే సుప్రజ దగ్గరికి పిలుచుకుపోయింది. సుప్రజ బోర్లా పడుకోబెట్టి, మోకాలు మడిచి, పిర్ర నడుమ బొటనవేలితో నొక్కి పట్టింది.

"నొప్పి ఎక్కువ పిక్కలో ఉండాది తల్లీ. నువ్వు యాడనో నొక్కుతాండావు."

"ఈడ లోపల కండ బిగుసుకుంది పెద్దమ్మా. కాలికి పోయే నరాన్ని అదే ఒత్తుతాంది."

"అక్కా, పన్ను నొప్పంటే ఈమె యాడ నొక్కుతాదో!" అని మదార్ బీ కొంగులో నవ్వింది.

సుప్రజ వేలు తీయకుండానే కాలిని అటూ ఇటూ మెల్లగా తిప్పింది. పిక్క జివ్వుమంది. ముట్టని చోట ఎట్లా తగిలింది? తర్వాత వెల్లకిలా తిప్పి, మోకాలిని కుడి భుజం వైపు లాగి పట్టింది. లేచి నిలబడితే నొప్పి తగ్గిందో, తగ్గినట్లుందో రామేశ్వరమ్మకు తెలియలేదు.

"మగ్గం ముందర ఎట్లా కూచుంటావు?"

కూచుని చూపించింది. ఎడమకు ఒరిగింది.

"నేరుగా కూచో."

"నేరుగానే కూచున్నా కదా!"

కాళ్లు దించే మగ్గం గుంత అంచున, కూచునే చెక్క ఆమె అత్తది. అత్త నలభై ఏళ్లు కూచుంటే ఎడమవైపు గుంట పడింది. ఆ చెక్క తీస్తే చేతి పని పోతుందని ఆ ఇంట్లో నమ్మకం. రామేశ్వరమ్మ ఇదంతా సుప్రజకు చెప్పింది.

"అది తీసెయ్. లేకుంటే ఎన్ని తూర్లు నొక్కినా మళ్లీ బిగుసుకుంటాది" అంది సుప్రజ.

రామేశ్వరమ్మ మూడు రోజులు ఆలోచించి, దండం పెట్టి, చెక్క తీసి కొత్తది వేసింది. కాలు ఊరుకుంది. సంబరంగా జానెడు నేసి చూసుకుంటే, చీరకు అడ్డంగా గీత!

"ఎవరిని కూచోబెట్టినావక్కా?" అంది మదార్ బీ.

"ఎవర్నీ లేదే. నేనే."

"మరి ముందరి నేత ఎవరిది?"

రామేశ్వరమ్మ గీతకు అటు వేలు పెట్టింది, ఇటు పెట్టింది. పాత చెక్క వేస్తే కాలు పోతుంది, కొత్త చెక్కతో చీర పోయింది. కొత్త దాని మీదనే కూచుని, "ఇది నేనే కట్టుకుంటాలే" అంది.

గీతకు ముందరి నేత మీద చెయ్యి పెట్టి, అత్త చెక్క వైపు చూసింది.

మద్దమ్మ, అరవై ఏడేండ్లు. ఇప్పుడుండేది రాయచోటిలో.