దుప్పటికి రెండో కొస

మామగారు నోరు తెరిస్తే మొదట వచ్చే మాట "మా నాయనమ్మ రోజుల్లో". కరెంటు పోయినా మా నాయనమ్మ రోజుల్లో, టీ చల్లారినా మా నాయనమ్మ రోజుల్లో. పక్కింటివాళ్ళ పిల్లాడు పరీక్ష తప్పినా సరే, ఆయన ఎలాగోలా అక్కడికే వచ్చి ఆగుతాడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో కోడలు ఆ మాట ఎన్నిసార్లు విందో ఆమెకే తెలియదు. మొదటి ఏడాది శ్రద్ధగా వింది, రెండో ఏడాది తల ఊపింది, మూడో ఏడాది నుంచి ఇస్త్రీ చేసుకుంటూ ఊఁ కొడుతోంది.

ఆ నాయనమ్మ మామూలు మనిషేం కాదు. వందేళ్ళ కిందట ఒక రాగి కాగు, ఒక ఇటుక పొయ్యి, రెండు చేతులు పెట్టుబడిగా ఈ లాండ్రీ మొదలుపెట్టింది. ఇప్పుడు ముందు గదిలో రెండు వాషింగ్ మిషన్లు, పొడుగాటి ఇస్త్రీ బల్ల ఉన్నాయి. వెనక గదిలో మాత్రం ఆవిడ పొయ్యి, పొయ్యి మీద ఆవిడ కాగు సగం గదిని ఆక్రమించుకుని అలాగే కూర్చున్నాయి. ఆ పొయ్యి వెలిగించి యాభై ఏళ్ళు దాటింది. అయినా మామగారు వారానికోసారి ఆ కాగుని తోమి తళతళలాడిస్తాడు. సొంత కళ్ళజోడు తుడుచుకోవడానికి బద్ధకించే మనిషి ఆయన.

గొడవంతా ఆ పొయ్యి దగ్గరే వచ్చింది. వీధి చివర పెద్ద లాండ్రీ ఆయన దుకాణం ఎత్తేస్తూ, తన దగ్గరున్న రోలర్ ఇస్త్రీ మిషన్ కోడలికి ఊరికే ఇస్తానన్నాడు. దుప్పటిని ఇటు నుంచి పెడితే అటు నుంచి ముడత లేకుండా వచ్చేస్తుంది. "మంగళవారం సాయంత్రం ఆరింటిలోపు చెప్పమ్మా, లేకపోతే పాత ఇనుము కొనేవాడు పట్టుకుపోతాడు" అన్నాడు. అది పట్టే చోటు ఇంటి మొత్తం మీద ఒక్కటే. పొయ్యి ఉన్న చోటు.

ఆమెకు ఆ మిషన్ సరదా కోసం కాదు. ఆసుపత్రి నుంచి రోజుకు నలభై దుప్పట్లు వస్తాయి, అన్నీ చేత్తోనే ఇస్త్రీ చేయాలి. కుడి భుజం ఆరు నెలల నుంచి పీకుతోంది. ఇలాగే ఇంకో ఏడాది చేస్తే చెయ్యి పైకి లేవదని ఆసుపత్రి డాక్టరే చెప్పాడు. చెప్పాడు గానీ దుప్పట్లు పంపడం మానలేదు. మిషన్ రాకపోతే ఆమె దుకాణమైనా వదులుకోవాలి, చెయ్యైనా వదులుకోవాలి. ఇల్లూ దుకాణమూ మామగారి పేరు మీద ఉన్నాయి. ఆయన ఊఁ అనాలి.

ఆయన ఊఁ అనలేదు. "ఆ ఒక్క కాగుతో మా నాయనమ్మ వీధి వీధంతా ఉతికిందమ్మా. ఒక్కరోజు భుజం నొప్పనలేదు. నీకు మీట నొక్కితే ఉతికి పెట్టే మిషన్లున్నాయి, అయినా నొప్పేనా?" అన్నాడు.

కోడలికి ఒళ్ళు మండింది. "సరే మామయ్యా. మంగళవారం మనకెలాగూ సెలవేగా. ఆ ఒక్కరోజు మీ నాయనమ్మ ఎలా ఉతికిందో అలాగే ఉతుకుదాం. పన్నెండు దుప్పట్లు. ఎలా చేసేదో మీరు చెప్పండి, నేను చేస్తాను. సాయంత్రం అప్పుడు మాట్లాడుకుందాం" అంది.

ఆయన ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళకు ఒకరు అడిగారు మరి.

మంగళవారం పొద్దున్నే ఆమె భర్త, తండ్రి ముఖం ఒకసారి, భార్య ముఖం ఒకసారి చూసి, వ్యాను సర్వీసింగుకి ఇచ్చే పనుందని జారుకున్నాడు. ఎప్పుడూ లేనిది పాపను బడి దగ్గర తనే దింపుతానని కూడా అన్నాడు.

మొదటి చిక్కు ఎనిమిదింటికే వచ్చింది. నీళ్ళు మరుగుతున్నాయి, సోడా కలిసింది, దుప్పట్లు కాగులో మునిగాయి, మురికి మాత్రం మెట్టు దిగలేదు. "ముందురోజు నానబెట్టేదా మీ నాయనమ్మ?" అని అడిగింది. ఆయన తల గోక్కున్నాడు. "ఏమో మరి, నేను చూడలేదు" అన్నాడు.

"సబ్బు ఎంత వేసేది?"

"అది... తగినంత."

"ఉడికిన బట్టలు పైకెలా తీసేది?"

"కర్రతో అనుకుంటా."

అడిగేకొద్దీ ఆయన గాలి దిగుతూ వచ్చింది. నిజమేమిటంటే ఆయన చిన్నప్పుడు బడికి వెళ్ళేసరికి నాయనమ్మ ఇంకా పొయ్యి రాజేస్తూ ఉండేది, తిరిగొచ్చేసరికి దొడ్లో తెల్లటి దుప్పట్లు గాలికి ఎగురుతూ ఉండేవి. వాటి మధ్య ఈయన దాగుడుమూతలు ఆడుకునేవాడు. డెబ్భై రెండేళ్ళు వచ్చినా ఆయనకు తెలిసిన ఉతుకుడంటే ఆరేయడమే. మిగతాదంతా ఆయన లెక్కల పుస్తకం మీద కునికిపాట్లు పడుతున్నప్పుడు జరిగిపోయింది. కోడలికి నవ్వొచ్చింది, కానీ కళ్ళలోకి పొగ పోవడంతో అది బయటికి రాలేదు.

వెనక గదిలో కొళాయి లేదు. ఆ రోజుల్లో రబ్బరు పైపు లేదు కాబట్టి ఈ రోజుకీ వద్దన్నాడాయన. వీధి గుమ్మం పక్క కొళాయి దగ్గర బకెట్ నింపి, ఇల్లంతా దాటించి, వెనక్కి మోసుకురావాలి. ఎడం చేత్తో ఒక్కో బకెట్ మోస్తూ, పదకొండో బకెట్‌కి ఆమె లెక్కపెట్టడం మానేసింది. గట్టు మీద బాదడం, మళ్ళీ ఉడకబెట్టడం, మంచినీళ్ళలో ఒకసారి జాడించడం అయ్యేసరికి పదకొండున్నర. ఆమె చేయగలుగుతోంది. భయం కూడా అక్కడే పట్టుకుంది. మధ్యలో వదిలేస్తే "ఈ కాలం ఆడపిల్లలు ఇంతే" అంటాడు. పూర్తి చేస్తే "చూశావా, మిషన్ లేకుండానే అయిపోయిందిగా" అంటాడు. కోపంలో పందెం కట్టినప్పుడు ఈ సంగతి తట్టలేదు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆమెకు ఆ పూట బాగా తెలిసొచ్చింది.

నీళ్ళు తాగిన పెద్ద దుప్పటిని ఒక మనిషి పిండలేడు. చెరో కొసా పట్టుకుని, ఒకరు ఇటు, ఒకరు అటు మెలిపెట్టాలి. "మామయ్యా, రండి, రెండో కొస పట్టుకోండి" అని పిలిచింది.

ఆయన పంచె పైకి దోపుకుని ఉత్సాహంగా వచ్చాడు. మొదటి దుప్పటికి జోకులు వేశాడు. రెండో దుప్పటికి జోకులు తగ్గాయి. నాలుగోదానికి చేతులు దులుపుకుని, "టీ తాగొస్తానమ్మా, గొంతు ఎండిపోతోంది" అని వంటింట్లోకి వెళ్ళాడు.

ఐదో దుప్పటి మెలికతో ఆమె నిలబడి ఉంది. కింద పెడితే మళ్ళీ మట్టి అంటుకుంటుంది. ఎక్కడ తగిలించాలా అని చుట్టూ చూసింది. పొయ్యి పక్కన, నడుమెత్తున, గోడలో ఒక లావుపాటి ఇనప కొక్కెం ఉంది. చిన్నప్పుడు తన పుస్తకాల సంచి తగిలించుకోవడానికే నాయనమ్మ దాన్ని కొట్టించిందని మామగారు వందసార్లు చెప్పాడు. కోడలు దుప్పటి కొసని దాని చుట్టూ తిప్పి లాగింది. అచ్చంగా అందుకోసమే చేసినట్టు పట్టుకుంది. వేలితో తడిమి చూస్తే, లోపలివైపు ఇనుము వేలు పట్టేంత లోతుగా, నున్నగా అరిగిపోయి ఉంది.

"మామయ్యా, ఒకసారి ఇలా రండి" అని పిలిచింది. ఆయన టీ గ్లాసుతో వచ్చాడు. "ఆ రోజుల్లో దుప్పటికి రెండో కొస ఎవరు పట్టుకునేవాళ్ళు?"

"మా తాతయ్య..."

"ఆయన మీ నాన్నగారి చిన్నప్పుడే పోయారని మీరే అన్నారుగా."

"అయితే మా నాన్న."

"మీ నాన్నగారు రైలు మీద డ్రైవరు. వారానికి రెండు రోజులే ఇంట్లో ఉండేవారని చెప్పారు."

ఆయన దగ్గరికొచ్చి కొక్కేన్ని చూశాడు. ఆ అరుగుదలలో బొటనవేలు పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. పుస్తకాల సంచి బరువుకి ఇనుము అరగదని డెబ్భై రెండేళ్ళ మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. టీ గ్లాసు పొయ్యి గట్టు మీద పెట్టేసి, "ఆ కొస విప్పు. నాకివ్వు" అన్నాడు.

మిగతా ఏడింటికీ, రెండో జాడింపుకీ, మూడో జాడింపుకీ ఆయన కదల్లేదు. కూర్చోమంటే కూర్చోలేదు. సోడా నీళ్ళకి ఆయన వేళ్ళ చివరలు తెల్లగా ఉబ్బాయి, అరచేతుల్లో చర్మం లేచింది. "చాలు మామయ్యా, నేను కొక్కేనికి తగిలించుకుంటాను" అని ఆమె రెండుసార్లు అంది. అలా అన్నప్పుడల్లా ఆయన ఇంకా గట్టిగా మెలిపెట్టాడు. పందెం సంగతి ఆమె మరిచిపోయింది. ఈయనకేమైనా అయితే ఏం చెప్పుకోవాలన్న బెంగే మిగిలింది.

మూడున్నరకి పన్నెండు దుప్పట్లూ దొడ్లో తీగల మీదికెక్కాయి. కాస్త గాలి లేచింది. ఎండలో అవి నిండుగా ఉబ్బి, వెలవెలబోయిన ఆ దొడ్డికే అందం తెచ్చాయి. పొద్దుటి నుంచి ఆయన ఎదురుచూసింది ఈ ఒక్క దృశ్యం కోసమే. తీరా వచ్చాక ఆయన గడప మీద కూర్చుని, వాటికి వీపు తిప్పేసి, తన చేతుల్ని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకున్నాడు.

కోడలు పక్కన నిలబడింది. భుజం నిప్పులా మండుతోంది. ఏదో ఒకటి అంటే బాగుండును, "చూశావా" అన్నా సరే, అనుకుంది. ఆయన చేతుల్నే చూసుకుంటున్నాడు. నాలుగున్నరకి పెద్ద లాండ్రీ ఆయన ఫోన్ చేశాడు, "ఇంకా అడుగుతున్నానండీ" అని ఆమె గొంతు తగ్గించి చెప్పింది. ఐదింటికి మళ్ళీ చేశాడు. ఈసారి పాత ఇనుము కొనేవాడి గొంతు కూడా వెనకాల వినిపించింది.

ఐదుంపావుకి భర్త పాపను తీసుకొచ్చాడు. ఏడేళ్ళ పిల్ల సంచి విసిరేసి, దుప్పట్ల మధ్యకి ఒకసారి పరిగెత్తి వచ్చి, రొప్పుతూ తాతయ్య ముందు నిలబడింది. ఆయన అలవాటుగా దాని చెంప నిమరబోయాడు. అరచెయ్యి తగలగానే పిల్ల "అబ్బా, గీసుకుంటోంది తాతయ్యా!" అని ముఖం పక్కకి తిప్పేసింది. ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. కాసేపటికి దాన్ని తిరగేసి, వేళ్ళ వెనకవైపుతో మెల్లగా నిమిరాడు.

"తిరగేసి నిమురుతున్నావేంటి?" అని పిల్ల కిలకిల నవ్వింది.

ఆయన నవ్వలేదు. కోడలి వైపు చూశాడు. "మా నాయనమ్మ ఎప్పుడూ ఇలాగే నిమిరేదమ్మా. ఒక్కసారి కూడా అరచెయ్యి తగలనివ్వలేదు. ఆవిడ ముద్దు చేసే తీరే అంత అనుకున్నాను ఇన్నాళ్ళూ."

కోడలు వచ్చి ఆయన పక్కన గడప మీద కూర్చుంది.

"ఊళ్ళో కనబడ్డవాళ్ళందరి దగ్గరా ఆవిడ కష్టాన్ని పొగిడాను" అన్నాడాయన. "ఒక్కరోజు జాలి పడలేదు. ఆవిడకి ఎవరైనా ఆ మిషన్ ఇస్తానంటే, అడగడానికి ఇంట్లోకి కూడా వచ్చి ఉండేది కాదు. అక్కడికక్కడే పట్టుకొచ్చేసేది."

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. ఉబ్బిన వేళ్ళతో ఎంత నొక్కినా అది పలకలేదు. రెండు తిట్లు తిట్టి కోడలి చేతికిచ్చాడు. "నువ్వే చెయ్యి. నేను మాట్లాడతాను."

ఆమె నంబరు కలిపి ఆయన చెవి దగ్గర పెట్టింది. "ఆ ఇనుము వాణ్ణి పంపించెయ్యండి" అన్నాడాయన ఫోన్‌లో. "మిషన్ మాది. రేప్పొద్దున మా వాడు వ్యాను తీసుకొస్తాడు." దూరంగా నిలబడి వింటున్న ఆమె భర్త వ్యాను సర్వీసింగులో ఉందని చెప్పబోయి, అది అబద్ధమని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

కోడలికి గుండెల మీద నుంచి పెద్ద బరువు దిగిపోయింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, రెండింటినీ కొంగులోనే తుడుచుకుంది. లోపలికెళ్ళి వెన్న తెచ్చి ఆయన అరచేతులకి రాసింది. చిన్నపిల్లాడిలా చేతులు చాపి కూర్చున్నాడాయన.

"పొయ్యి పగలగొట్టే మేస్త్రీని పిలువు" అన్నాడు. "ఇవాళే రమ్మను."

"ఇవాళే ఎందుకు మామయ్యా? మిషన్ దొడ్లో పట్టా కప్పుకుని నాలుగు రోజులుంటే ఏం పోయింది? మీ చేతులు నయం కానివ్వండి, అప్పుడు మీరే దగ్గరుండి తీయిద్దురుగాని" అంది ఆమె.

"వద్దమ్మా, ఇవాళే" అన్నాడాయన. "చేతులు నయమయ్యాయంటే, మా నాయనమ్మ రోజులు నాకు మళ్ళీ గొప్పగా కనిపిస్తాయి."